తేతా ఏడ్చిన ఓడ

టీవీలో ఓడ ఇంకా కాలుతూనే ఉంది. చూపించిందే మళ్ళీ చూపిస్తున్నారు. ఆకాశంలోంచి తీస్తున్నట్టున్నారు, ఓడ చుట్టూ ఒకసారి తిరిగి మళ్ళీ మొదటికే వస్తున్నారు. ముందు ముక్కు, తర్వాత గుండ్రటి కిటికీల వరసలు, తర్వాత రెండు పొగగొట్టాలు, ఆ రెండింటి మధ్య నుంచి వాటికన్నా లావుగా లేచి పక్కకి వాలిపోతున్న నల్లటి పొగ. రెహానా నేల మీద కూర్చుని ముసలామె కాలు ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తోంది. మడమ నుంచి మోకాలి దాకా, మోకాలి నుంచి మడమ దాకా. మధ్యాహ్నం దాటాక అస్ర్ నమాజు కాగానే తేతాకి కాళ్ళు పట్టాలి. తేతా అంటే వీళ్ళ భాషలో నాయనమ్మ, పిల్లలు పిలిచే పిలుపే రెహానాకీ అలవాటైంది. కాళ్ళు పట్టడం ఈ ఇంట్లో రోజూ జరిగేదే, ఓడ కాలినా జరిగేదే. ఇంట్లో ఇంకెవరూ లేరు. మేడమ్, సార్, పిల్లలు సముద్రం ఒడ్డుకి వెళ్ళారు. ఇవాళ శుక్రవారం, రెహానాకి సెలవు రోజు, కానీ మేడమ్ పొద్దున్నే, నీ మొగుడు ఊళ్ళో లేడు కదా, ఎక్కడికి పోతావు, తేతాని చూసుకో అంది. నవ్వుతూనే అంది. రెహానా కూడా నవ్వి తలూపింది. మొగుడు ఊళ్ళో లేడు. మొగుడు దస్తగిరి ఆ ఓడలో ఉన్నాడు. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు, ఇప్పుడు చెప్పడానికి ఎవరూ లేరు, ఉన్న ఒక్క మనిషీ ఏడుస్తోంది, దస్తగిరి కోసం కాదు, ఓడ కోసం.

ఓడని ముందు గుర్తుపట్టింది తేతాయే. కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని "ఎలియానా! యా ఎలియానా!" అని చెయ్యి టీవీ వైపు చాపింది, చాలాకాలానికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు. ఆ పేరు రెహానాకి తెలుసు. దస్తగిరి పంపిన వీడియోలో ఓడ పక్కగోడ మీద కొత్త పేరు ఉంది, కానీ కొత్త రంగు కింద నుంచి పాత అక్షరాలు వాతల్లా ఉబ్బి కనిపించేవి, అది ఎలియానా అంట మే, ఇటలీలో పుట్టిందంట, మేం మాత్రం ముసల్ది అంటాం అని అతని గొంతు వీడియోలో నవ్వింది. రాజులు ఎక్కి తిరిగిన ఓడ. ఆ తర్వాత హోటలు. ఫుట్‌బాల్ ఆటలప్పుడు దోహా ఒడ్డున నిలబెట్టి గదులు అద్దెకిచ్చారు. ఆటలు అయిపోయాక ఎవరికీ అక్కర్లేక షిప్‌యార్డులో తుప్పు పట్టింది. ఇప్పుడు దాన్ని గుజరాత్‌లో ముక్కలు చెయ్యడానికి రెండు టగ్గులు తాళ్ళు కట్టి లాక్కుపోతున్నాయి. దానికి సొంత ఇంజనూ లేదు, సొంత దీపమూ లేదు. అయినా మనుషులున్నారు. నీళ్ళు తోడే పంపులు చూసుకోవడానికీ, దారిలోనే రాగీ ఇత్తడీ ఊడదీసి పెట్టడానికీ కంపెనీ కొందరిని ఎక్కించింది. టీవీవాళ్ళకి అది తెలియదా? కింద గీతలా పాకుతున్న అక్షరాలని రెహానా కూడబలుక్కుంటోంది. చిన్నప్పుడు మసీదులో ఖురాను చదవడం నేర్చుకుంది, అక్షరాలు పలుకుతాయి, అర్థం పలకదు. సఫీనా, ఓడ. నార్, నిప్పు. అమ్స్, నిన్న. మగ్రిబ్, పొద్దుగూకే వేళ. ఈ నాలుగూ తెలుస్తున్నాయి. నిన్న పొద్దుగూకే వేళ. మనిషి అనే మాట కోసం వెతుకుతోంది. అది వచ్చేలోపే గీత జారిపోతోంది, లేదా అసలు అందులో లేదు.

పక్కన నేల మీద ఫోను బోర్లా పడుకుని ఉంది. దస్తగిరికి చేస్తే ఫోను పలకదు, ఒడ్డు దాటిన దగ్గర్నుంచీ పలకలేదు. కంపెనీ నంబరుకి చేస్తే ఎవరో హిందీలో, ఇవాళ ఆఫీసు మూసి ఉంది, అభీ కుచ్ మాలూమ్ నహీ, ఇంకా ఏం తెలీదు, అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. చెయ్యాలనిపించడమూ లేదు. తెలియనంతసేపు అతను ఉన్నాడు. ఇదిగో ఈ మోకాలి దగ్గర నుంచి ఈ మడమ దాకా చెయ్యి జారేలోపు అతను ఉన్నాడు. మళ్ళీ పైకి వెళ్ళేలోపు ఉన్నాడు. చెయ్యి ఆగకూడదు. ఎవరు చెప్పారు అలా అని, ఎవరూ చెప్పలేదు, కానీ ఆగకూడదు. తేతా కాలి మీద చర్మం పల్చగా, కింద నీలం నరాలు, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు, తుప్పు మచ్చలు. అలెగ్జాండ్రియా నుంచి పెళ్ళికూతురుగా ఎక్కిందట ఆ ఓడ. తెల్ల చేతి తొడుగులు, బ్యాండు మేళం, నడిసముద్రంలో దీపాల కింద డాన్సు. ఈ కాళ్ళే ఆడాయి. ఇప్పుడు ఏడుస్తూ "హరామ్, హరామ్" అంటోంది. వీళ్ళ భాషలో అది అయ్యో పాపం అనడమేనని రెహానాకి తెలుసు, పిల్లి కాలు విరిగినా అంటారు, పాలు ఒలికినా అంటారు. తెలిసినా ఆ మాట విన్నప్పుడల్లా ఊళ్ళో నేర్చుకున్న అర్థమే వినిపిస్తోంది, చెయ్యరాని పాపం అని. చేసింది నువ్వే అన్నట్టు.

నిన్న గురువారం, జుమేరాత్. నిన్న మగ్రిబ్ వేళ దస్తగిరిని ఏం చెయ్యమని తను చెప్పిందో రెహానాకి తెలుసు. ఆ తలుపు దగ్గరికి మనసు వెళ్తోంది, తట్టకుండా వెనక్కి వస్తోంది. దాని బదులు ఏషియన్ టౌన్ గుర్తు చేసుకుంటోంది, అది మంచిది, అది గడ్డి, సాయంత్రం, క్రికెట్ ఆడేవాళ్ళ అరుపులు. మొగుడూ పెళ్ళాం ఒకే దేశంలో ఉన్నారు, అతను క్యాంపులో, ఆమె అల్ మన్సూరాలో ఈ ఫ్లాటులో, వంటింటి పక్కన కిటికీ లేని గదిలో. శుక్రవారాలు కలిసేది సినిమా హాల్లో, లేకపోతే ఆ గడ్డి మీద. కింది ఫ్లాటులో పనిచేసే కోనసీమ మనిషి కృష్ణకుమారి ఒకసారి చూసి, "ఓసోస్, తాళి కట్టించుకున్నోళ్ళు చీకట్లో చేతులు పట్టుకుంటారేంటే తల్లీ! మా ఊళ్ళో కాలేజీ పిల్లలు నయం, వాళ్ళకి కొబ్బరితోటలైనా ఉన్నాయి" అని పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది. రెహానా సిగ్గుపడింది, సిగ్గు కింద కోపం, కోపం కింద ఇంకేదో. శరీరం ఒక మూటలా అయిపోయింది, ఎక్కడ దింపుకోవాలో తెలియని మూట. దస్తగిరి ఓడలో ఒక గది చూశాడట. ఇద్దరు పడుకునే మంచం, గోడలకి చెక్క పలకలు, మంచం తలగడ వైపు చెక్కిన ద్రాక్షపళ్ళు. "యార్డులో ఉన్నప్పుడే నిన్ను ఒక్క పూట దొంగతనంగా ఎక్కించింటే బాగుండు మే" అన్నాడు, ఎటో చూస్తూ. "నేను దాంట్లోనే పండుకుంటా. నీ పక్క ఖాళీగా పెడతా." చెక్క పలకలు. ఎండి ఎండి ఉన్న చెక్క. వద్దు, ఆ వైపు వద్దు.

కానీ ఆ గదిలో అతనికి నిద్ర పట్టదని ఆమెకి తెలుసు. ఓడ యార్డులో ఉండగానే రాత్రి డ్యూటీ చేసి వచ్చి భయపడేవాడు. ఎవరూ లేని గదుల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, మంగలి గదిలో అద్దం ముందు నుంచి పోతే వెనక ఇంకొకరు పోతున్నట్టు ఉంటుంది, పిల్లలు ఆడుకునే గదిలో గోడ మీద ఏనుగుల బొమ్మలు, ఎండిన కొళాయిలో ఊపిరి చప్పుడు. "ఎవురో పైపుల్లో దాక్కోని గాలి పీల్చుకుంటాండారు రెహానా." అతను పిరికివాడు కాదు. అతని పని నిప్పుని కనిపెట్టి ఉండడం. ఎవరైనా ఇనుము కోస్తుంటే పక్కన నీళ్ళ గొట్టం పట్టుకుని నిలబడాలి, కోత అయిపోయాక కూడా మనిషి కదలకూడదు, ఆ చోటు చల్లారిందాకా కూర్చోవాలి. ఫైర్ వాచ్. కూర్చుంటే జీతం ఇస్తారని ఊళ్ళో అందరికీ గొప్పగా చెప్పేవాడు. కోసేది లస్మయ్య, జగిత్యాల వైపు మనిషి, దస్తగిరి కంటే బాగా పెద్ద. ఆయన నిప్పు పుట్టిస్తాడు, నేను చంపుతా, మా ఇద్దరిదీ కాపురం అనేవాడు దస్తగిరి. ఓడ కదిలే ముందు శుక్రవారం లస్మయ్య కూడా గడ్డి మీదికి వచ్చాడు, పల్లీల పొట్లంతో. రెహానా కొంగులోంచి తను తెచ్చిన పొట్లం తీస్తోంది అప్పుడు.

"ఏందమ్మా చెల్లే, మొగనికి దయ్యాల మందు కడుతున్నవా?"

"ఊదు అన్నా. దర్గాలోది. కొత్తచోట పండుకుంటే జుమేరాత్ నాడు పొగ ఏసుకుంటారు మా కాడ. ఇంగ ఏదీ దగ్గరికి రాదు."

"గీ ముసలి ఓడల గీయన్ని పట్టెటి దయ్యం పుట్టలేదు తియ్. నన్ను జూడు, పీర్ల పండుగకు అలాయి నిప్పుల గుండంల దుంకినోన్ని. దయ్యమొస్తె గ్యాస్ కట్టర్ తోని మూతి కాలుస్త."

దస్తగిరి గడ్డి మీద వెల్లకిలా పడి నవ్వాడు. అప్పుడే లస్మయ్యకి ఇంటి నుంచి ఫోను. "మా గౌరవ్వ. దుబాయ్‌ల ఓడెక్కుతున్నవా అని ఒకటే ఏడ్పు. ఇది కతర్ అని ఎన్నేండ్ల సంది జెప్తున్న, ఇంటలేదు. నువ్వన్న మాట్లాడు చెల్లే" అని రెహానా చేతిలో పెట్టాడు. అవతల గొంతు దగ్గరగా, చెవిలో నోరు పెట్టినట్టు, "అవ్వా, మా ఆయనవి పైకే మాటలు. లోపట ఉత్త పిరికోడు. నీ పెనిమిటికి జెప్పి జెర కనిపెట్టుకొని ఉండమను." రెహానా, అట్లనే అక్కా అంది. అట్లనే అక్కా. ఎంత తేలిగ్గా అంది.

పొట్లంలో ఊదుతో పాటు బొగ్గు కూడా పెట్టింది. మేడమ్ వంటింటి సొరుగులోవి, గుండ్రటి నల్ల బిళ్ళలు, అగ్గిపుల్ల చూపిస్తే చాలు చిటచిటమని రవ్వలు పాకి అంటుకుంటాయి. ఊళ్ళో అయితే పొయ్యిలోంచి రెండు నిప్పులు తీసి మట్టి గిన్నెలో వేసుకుంటారు, ఊదు చల్లుతారు, పొగ ఇల్లంతా తిరిగేసరికి నిప్పులు చచ్చిపోతాయి, గిన్నె మూలన పెట్టి మర్చిపోతారు. ఈ బిళ్ళలు చావవు. పైకి తెల్లగా బూడిద కట్టి చల్లారినట్టు కనిపిస్తాయి, లోపల ఎర్రగా ఉంటాయి, చాలాసేపు ఉంటాయి. వచ్చిన కొత్తలో ఆ బూడిద చెత్తబుట్టలో పోస్తే బుట్ట అడుగు కరిగి నేలకి అంటుకుపోయింది, మేడమ్ వారం రోజులు తిట్టింది. రెహానాకి తెలుసు. అతనికి తెలియదు. అతనికి ఊరి నిప్పే తెలుసు. చెప్పాలని నోటి దాకా వచ్చింది, సరిగ్గా అప్పుడే అతను పొట్లం అందుకుంటూ దాని కిందినుంచి ఆమె వేలు పట్టుకున్నాడు, పట్టుకుని వదల్లేదు, లస్మయ్య పల్లీలు వలుస్తూ అటు తిరిగి ఉన్నాడు, ఆ ఒక్క వేలిలోకి ఒళ్ళంతా వచ్చి చేరింది, ఇక నోట్లో మాట ఏముంది, ఎక్కడుంది. తర్వాత బస్సు వచ్చింది. జుమేరాత్ నాడు మగ్రిబ్ కి ఏసుకో, మర్చిపోవద్దు అని మాత్రం అంది. అది మాత్రం గుర్తుంది. అది మాత్రం చెప్పింది.

ఎక్కడ పెట్టి ఉంటాడు? మట్టి గిన్నె ఎక్కడిది ఓడలో. టీ కప్పులో పెట్టాడా, కప్పు చెక్క సొరుగు మీద పెట్టాడా, మంచం కింద తివాచీ మీద పెట్టాడా? ఫాతెహా చదివి పొగ పీల్చి, ఇంక ఏదీ రాదులే అని, ఆమె చెప్పింది కాబట్టి రాదులే అని, ద్రాక్షపళ్ళ కింద కళ్ళు మూసుకున్నాడా? ఆమె మాట విని మొదటిసారి హాయిగా నిద్రపోయాడా? లేదు, అది కాకపోవచ్చు. లస్మయ్య కోస్తుంటే రవ్వ పడి ఉండొచ్చు, రవ్వ పడి ఎక్కడో గోడలో దాక్కుని ఉండొచ్చు. అప్పుడు అది అతని తప్పు, కాపలా కాయవలసింది అతనే. ఏది నయం? నా తప్పై అతను చచ్చిపోవడమా, అతని తప్పై అతను బతకడమా? రెండూ కాకుండా ఏదైనా వైరు, ఏదైనా పాత జనరేటరు. అల్లా, వైరు అని చెప్పు. ఎవరి చేతికీ అంటని నిప్పు ఒకటి చూపించు. అతను బతికుంటే నేను ఇంక శుక్రవారాలు అడగను, గది అడగను, ఆ వేలు కూడా అడగను. ఇలా బేరమాడుతున్నట్టు తనకే తెలిసి ఆమెకి తన మీద అసహ్యం వేసింది, అయినా బేరం ఆగలేదు. మొగుడు పోతే నాలుగు నెలలు గడప దాటకూడదు అంటారు, ఎవరి గడప, ఈ ఇంటిదా? మేడమ్ పాపం అని ఒకరోజు సెలవిస్తుంది. కృష్ణకుమారి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తుంది. శవం మోసుకుని ఒక పెట్టె వస్తుంది, లేదా పెట్టె కూడా రాదు, సముద్రంలో కాలిన మనిషికి పెట్టెలో ఏం పెడతారు. ఆలోచన అక్కడ దాకా వచ్చి ఆగింది. అక్కడ ఏడుపు రావాలి. రాలేదు. ముసలామె ఏడుస్తుంటే ఇక ఆ గదిలో ఇంకొక ఏడుపుకి చోటు లేనట్టుంది.

"అస్త, అస్త," అంది తేతా, నెమ్మది అన్నట్టు చెయ్యి ఊపుతూ. కాలు ఎర్రగా కందిపోయింది. రెహానా చేతులు వెనక్కి తీసుకుంది. చేతులు ఆగాయి.

ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తితే ముందు గాలి, తర్వాత ఇంజన్ చప్పుడు.

"రెహానా... నేనే."

ఆమె గొంతులోంచి వచ్చిన చప్పుడు ఏ భాషలోదీ కాదు. వెన్ను సోఫాకి ఆనింది, పొట్ట కింద వెచ్చగా ఏదో కరిగింది. "యాడుండావు?"

"టగ్గులో. మస్కట్ పక్కకు తోలకపోతాండారు. ఇది కెప్టెన్ ఫోను, రెండు మాటలే."

"కాలిందా నీకు?"

"చెయ్యి. రోంతే. ఏం కాదులే."

"నిన్న..." ఆమె ఆగింది. అడగకపోతే ఏమవుతుంది? "నిన్న ఊదు ఏసినావా?"

రెహానా ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"నేనెయ్యలే. లస్మన్నకిచ్చినా. ఆయప్పకు ఓడెక్కినప్పటి నుంచీ కన్ను మూతపడలే మే. చిన్నపిల్లోడి మాదిరి ఏడ్సినాడు, రూములోకి ఎవురో వస్తాండారని. నాకు పైన పంపు కాడ డ్యూటీ. నువ్వేసుకోన్నా, మా రెహానా ఇచ్చింది, బాగా నిద్ర పడతాదని చెప్పినా."

"లస్మన్న యాడ?"

"రాలే."

"రాలేదంటే?"

"కింద రూములోనే ఉండిపాయ. మెట్ల దాకా పోయినా. తలుపు పట్టుకున్నా... ఈ చెయ్యి ఆడ కాలిందే. పోర్టులో పోలీసోళ్ళు అడుగుతారంట. నిప్పు ఎట్ల పుట్టిందో ఫైర్ వాచోడే చెప్పల్ల అంట. ఏం చెప్పల్ల మే?"

అతను బతికే ఉన్నాడు. లస్మయ్య రాలేదన్న మాట విన్నాక కూడా ఆ సంతోషం వెనక్కి పోలేదు, ఒంట్లో అలాగే పారుతోంది, సిగ్గు లేకుండా, వెచ్చగా. దాని పక్కనే చెవిలో ఇంకొక గొంతు, అవ్వా, జెర కనిపెట్టుకొని ఉండమను. రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయి, ఒకదాన్నొకటి తోసుకోవడం లేదు. ఇంత చోటు ఉందా లోపల అనుకుంది.

"ఏమిచ్చినావు నువ్వు ఆయనకు?" ఆమె గొంతు నిలకడగా, మేడమ్ పని చెప్పేటప్పటి గొంతులా ఉంది, జవాబూ తనే చెప్పింది. "ఏమీ ఇయ్యలే."

"రెహానా..."

"నువ్వు పైన పంపు కాడ ఉంటివి. నీకేం తెలీదు."

"ఆయక్కకు ఫోను చెయ్యల్ల గదా నేను. ఏమని..."

"నీకేం తెలీదు. ఇను. నీకేం తెలీదు."

ఫోను తెగిపోయింది. అతను విన్నాడో లేదో.

టీవీలో ఓడ ఒక పక్కకి ఒరిగింది. కిటికీల వరస నీటికి దగ్గరగా వంగింది. తేతా ఇప్పుడు ఏడవడం లేదు. ఏడుపు అయిపోయాక పిల్లలు చూసినట్టు రెహానాని చూస్తోంది, ఈ గదిలో ఇంకొకరు ఉన్నారని ఇప్పుడే కనిపించినట్టు. తడి రుమాలు ఒళ్ళో పెట్టుకుని, పనివాళ్ళతో మాట్లాడే ముక్కల అరబ్బీలో, "రెహానా, హినాక్ ఫీ నఫర్?" అంది. అక్కడ మనుషులెవరైనా ఉన్నారా? పొద్దుటి నుంచీ ఎవరూ అడగని ప్రశ్న.

రెహానా నూనె సీసా మూత వెతికి, తీసి, బిగించింది.

"మాఫీ, తేతా," అంది. "మాఫీ నఫర్." ఎవరూ లేరు.

ముసలామె గుండె మీద చెయ్యి వేసుకుని, దేవుడికి దండం చెప్పుకుంటున్నట్టు కళ్ళు మూసుకుంది.

"అల్‌హమ్దులిల్లా."